అక్క ఒళ్లో తమ్ముడు, ఇద్దరి నడుమ బొమ్మల పుస్తకం

శ్రావణ పౌర్ణమి దగ్గరికొచ్చింది. షోలాపూర్‌లో మనవాళ్లకు ఆ రోజు ఒక్క పండుగ కాదు, మూడు పండుగలు. పొద్దున్నే మగవాళ్లు జంజాలు మార్చుకుంటారు. మార్కండేయుని రథం ఊరేగుతుంది. ఇంట్లో ఆడపిల్లలు అన్నదమ్ములకు రాఖీలు కడతారు. రాఖీ కట్టిన చెల్లె చేతిలో అన్న ఒక నోటు పెడతాడు, మిఠాయి డబ్బా తెరుస్తారు. ఈసారి ఆ నోటు పక్కన ఒక బొమ్మల పుస్తకం కూడా పెట్టండని అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను మిల్లు కార్మికుని బిడ్డను. మా నాయిన పనిచేసిన మిల్లు భోంగా మోగక ఏండ్లు గడిచాయి. మిల్లు మూతపడ్డాక ఆయన సాంచాల మీదికి వచ్చాడు. నేను మా వస్తీలోని చిన్న వాచనాలయంలో ఆరేండ్లుగా ప్రతి ఆదివారం పిల్లలకు కథల పుస్తకాలు చదివి వినిపిస్తున్నాను. అక్కడ చూసిందే ఇక్కడ చెబుతున్నాను.

మా దగ్గరికి ఒంటరిగా వచ్చే పిల్లలు తక్కువ. పదేండ్ల పిల్ల వచ్చిందంటే చంకలో రెండేండ్ల తమ్ముడు ఉంటాడు, ఫ్రాకు అంచు పట్టుకొని ఐదేండ్ల చెల్లె ఉంటుంది. ఇంట్లో అమ్మ ముందర చాట ఉంది, చాటలో తునికాకు, తంబాకు ఉన్నాయి. వెయ్యి బీడీల లెక్క పూర్తి కావాలి. నాయిన రాత్రి పాళీ చేసొచ్చి పడుకున్నాడు. చిన్నోడు ఏడిస్తే నాయిన నిద్ర పాడైతది, అమ్మ చెయ్యి ఆగుతది. అందుకే పెద్దపిల్ల చిన్నవాళ్లను తీసుకొని బయటికొస్తుంది. భివండీలో ఉన్న మనవాళ్లను అడిగినా ఇదే చెబుతారు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు ఒకరికొకరు సాయపడాలని మన పిల్లలకు పుస్తకం నేర్పాల్సిన పని లేదు. ఆ పని వాళ్లు రోజూ చేస్తూనే ఉన్నారు. కాని తాము చేసే పని ఒక పుస్తకంలో బొమ్మగా కనబడడం వాళ్లకు కొత్త. తనలాంటి పిల్ల పుస్తకంలో కనబడినప్పుడు చదువు మీద కుదిరే గురి వేరు.

పడుగూ పేకా

బొమ్మల పుస్తకం అంటే చాలామంది పెద్దలు చదువురాని పిల్లల కోసం చేసిన వస్తువు అనుకుంటారు. “అక్షరాలు తక్కువున్నయి, పైసలు దండుగ” అని ఒక తండ్రి నాతో అన్నాడు. నేత తెలిసినవాళ్లకు దీని సంగతి తొందరగానే అర్థమవుతుంది. బొమ్మ పడుగు, మాట పేక. ఒక్క పడుగుతో బట్ట కాదు, ఒక్క పేకతోనూ కాదు. మంచి బొమ్మల పుస్తకంలో మాట చెప్పనిది బొమ్మ చెబుతుంది. “పిల్లవాడు ఎదురుచూశాడు” అని మాట ఉంటుంది. ఎంతసేపు చూశాడో, ముఖం ఎట్లా పెట్టాడో, పక్కన కుక్క ఎట్లా పడుకుందో బొమ్మలో ఉంటుంది.

మన వాడల్లో దీనికి ఇంకో లాభం కూడా ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, శాళలో మరాఠీ చదువుతారు, ఇప్పుడు సగం మంది ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు. తెలుగు మాట్లాడే నోరు ఉంది, తెలుగు చదివే కన్ను లేదు. నాయనమ్మకు తెలుగు తప్ప వేరే చదువు రాదు, కొందరికి అదీ రాదు. అక్షరాల పుస్తకం ఈ ముగ్గురిని మూడు మూలల్లో కూర్చోబెడుతుంది. బొమ్మల పుస్తకం ఒక్క చాప మీదికి తెస్తుంది. అక్క మరాఠీ అక్షరం చదువుతుంది, నాయనమ్మ బొమ్మ చూసి తెలుగులో కథ అల్లుతుంది, తమ్ముడు రెండూ వింటాడు. బొమ్మకు ఏ మీడియమూ లేదు.

జిద్దు వేరు, పట్టుదల వేరు

మన మాటల్లో “పోరడు జిద్దు పట్టిండు” అంటే తిట్టు. “వాడికి జిద్దు ఉంది” అంటే మెప్పు. ఈ రెంటికీ నడుమ తేడా ఏమిటని పిల్లలను అడిగితే చెప్పలేరు. ఒక చిన్న పుస్తకం చదివితే మాత్రం అర్థం చేసుకుంటారు. అమెరికాలో 1945లో రూత్ క్రౌస్ రాసిన “ది క్యారట్ సీడ్” అనే పుస్తకం అది. బొమ్మలు క్రాకెట్ జాన్సన్ వేశాడు. మొత్తం సుమారు 100 మాటలే ఉంటాయి. ఒక పిల్లవాడు క్యారట్ గింజ నాటుతాడు. అది మొలవదేమో అని అమ్మ అంటుంది, నాన్న అంటాడు. అన్న అయితే మొలవనే మొలవదని తేల్చేస్తాడు. పిల్లవాడు ఎవరితోనూ వాదించడు. రోజూ కలుపు తీస్తాడు, నీళ్లు పోస్తాడు. చివరికి బండిలో పెట్టి తోసుకుపోయేంత క్యారట్ వస్తుంది.

ఈ కథ చదివినప్పుడు మా పిల్లలు పట్టుకునేది అన్ననే. “వాళ్లన్న గూడ మా అన్న లెక్కనే ఉన్నడు” అని ఒక చెల్లె అంటే అందరూ నవ్వారు. పక్కనే ఉన్న ఆ అన్న ముఖం అటు తిప్పుకున్నాడు. పుస్తకం ఎవరినీ తిట్టలేదు, ఎవరికీ నీతి చెప్పలేదు. కావాలని అరిచి కింద పడి దొర్లితే జిద్దు. కావాలని రోజూ నీళ్లు పోస్తే పట్టుదల. అంతే తేడా.

మన ఇండ్లకు ఇంకా దగ్గరగా ఉండే పుస్తకం వెరా విలియమ్స్ రాసి, తనే బొమ్మలు వేసిన “ఎ చైర్ ఫర్ మై మదర్”. 1982లో వచ్చింది. ఒక పిల్ల, వాళ్లమ్మ, అమ్మమ్మ. అమ్మ హోటల్లో వడ్డించే పని చేస్తుంది. ఇల్లు కాలిపోయి సామానంతా బూడిదైంది. పనినుంచి అలసి వచ్చిన అమ్మ కాళ్లు చాపుకొని కూర్చోవడానికి ఇంట్లో మెత్తటి కుర్చీ లేదు. ఒక పెద్ద గాజు సీసా పెట్టి అందులో చిల్లర వేస్తారు. అమ్మకు వచ్చిన బక్షీసు పైసలు, అమ్మమ్మ బజారులో మిగిల్చిన పైసలు, ఆ హోటల్లో ఉల్లిగడ్డలు ఒలిచి పిల్ల తెచ్చిన కూలిలో సగం. సీసా నిండడానికి చాలా కాలం పడుతుంది. నిండాక ముగ్గురూ పోయి గులాబీ పూల కుర్చీ కొంటారు.

భిశీ పెట్టే ఇండ్లలో పుట్టిన పిల్లలకు ఈ కథ విడమర్చి చెప్పే పని లేదు. “మా అమ్మ భిశీ ఎత్తితే గ్యాస్ శేగిడీ కొన్నది” అని ఒకరు, “మేము పత్రాలు కొన్నం, ఇల్లు కురుస్తుండె” అని ఇంకొకరు. కార్మికుల ఇంట్లో పట్టుదల అంటే ఒక్కడు కొండ ఎక్కడం కాదు. నలుగురు కలిసి ఒక డబ్బా నింపడం. ఆ మాట అమెరికా పుస్తకంలో కనబడితే మన పిల్లలకు లోకం కొంచెం చిన్నదైనట్టు అనిపిస్తుంది.

పాత కుర్చీ, రెండు వెంట్రుకలు

తోబుట్టువుల కథల్లో నాకు ఇష్టమైనవి వాళ్ల కొట్లాటలను దాచిపెట్టనివి. ఎజ్రా జాక్ కీట్స్ 1967లో చేసిన “పీటర్స్ చైర్” చూడండి. పీటర్‌కు చెల్లె పుట్టింది. వాడి ఉయ్యాల, తొట్టె అన్నింటికీ గులాబీ రంగు వేసి చెల్లెకు ఇచ్చేస్తున్నారు. వాడు ఇంకా రంగు పడని తన చిన్న కుర్చీ ఎత్తుకొని, కుక్కను వెంటబెట్టుకొని ఇంట్లోంచి బయటికి పోతాడు. కాసేపటికి ఆ కుర్చీలో కూర్చుందామంటే పట్టడు, వాడే పెద్దవాడయ్యాడు. చివరికి చెల్లె కోసం నాన్నతో కలిసి తనే ఆ కుర్చీకి రంగు వేస్తాడు.

అక్క గణవేశ్ చెల్లెకు, అన్న దప్తర్ తమ్మునికి దిగే మన ఇండ్లలో ఈ కథ ప్రతి జూన్ నెలలో జరుగుతుంది. ఇచ్చేవాడికి కోపం, తీసుకునేవాడికి చిన్నతనం. “నీది పాతది” అని శాళలో ఎవడో అంటాడు. పీటర్ కథ విన్నాక ఒక తమ్ముడు తన దప్తర్ చూపించి, “ఇది మా అన్నది, జిప్పు వాడే కుట్టించి ఇచ్చిండు” అని చెప్పాడు. పాత వస్తువుకు రంగు వేసి ఇస్తే అది దానం కాదు, వారసత్వం.

మరాఠీ నేల మీద పుట్టిన కథే ఇంకొకటి ఉంది. ఒక్క వెంట్రుక ఉన్న చెల్లె, రెండు వెంట్రుకలు ఉన్న అక్క. ఈ జానపద కథను సంధ్యారావు “ఎక్కి దొక్కి” పేరుతో మళ్లీ చెప్పారు, చెన్నైలోని తూలిక వాళ్లు పుస్తకంగా వేశారు. రెండు వెంట్రుకలు ఉన్న అక్కకు గర్వం, చెల్లెతో అన్ని పనులూ చేయిస్తుంది. విసిగిన చెల్లె అడవిలోకి పోతుంది. దారిలో దాహంతో ఉన్న మొక్కకు నీళ్లు పోస్తుంది, ఆకలితో ఉన్న ఆవుకు మేత వేస్తుంది. ఒక ముసలమ్మ తలంటి పోస్తే ఆమెకు తలనిండా జుట్టు వస్తుంది. అది చూసి అక్క అదే దారిన పరుగెత్తుతుంది, కాని మొక్క దగ్గర ఆగదు, ఆవు దగ్గర ఆగదు. ఉన్న రెండు వెంట్రుకలూ పోగొట్టుకుంటుంది. పిల్లలు పొట్ట పట్టుకొని నవ్వుతారు. తర్వాత “మీ ఇంట్లో రెండు వెంట్రుకలోళ్లు ఎవరు?” అని అడిగితే చిన్నవాళ్లందరూ పెద్దవాళ్ల దిక్కు వేలు చూపిస్తారు.

ఏడు చేపల్లో ఏడ్చిన పిల్లవాడు

మనకు సొంత కథలు లేవా అంటే ఉన్నాయి. ఏడు చేపల కథ రాని తెలుగు నాయనమ్మను నేను చూడలేదు. రాజు కొడుకులు పట్టుకొచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే తప్పు గడ్డిమోపుదంటుంది, గడ్డి ఆవు మీద పెడుతుంది, ఆవు పశులకాపరి మీద పెడుతుంది. కాపరి తనకు బువ్వ పెట్టలేదంటాడు, బువ్వ పెట్టాల్సినామె పిల్లవాడు ఏడ్చాడంటుంది, పిల్లవాడు చీమ కుట్టిందంటాడు.

ఇన్నేండ్లూ మనం చీమ జవాబు కోసమే ఈ కథ చెప్పాం. ఈసారి చెప్పేటప్పుడు ఆ ఏడ్చే పిల్లవాని దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఒక్క చంటివాడు ఏడిస్తే కాపరికి బువ్వ లేదు, ఆవుకు మేత లేదు, రాజు ఇంట్లో చేప ఎండలేదు. రాజ్యంలో పని అంతా ఎవరో ఒకరు ఆ పిల్లవాణ్ని ఎత్తుకోవడం మీద నిలబడి ఉంది. మన ఇంట్లో ఆ ఎత్తుకునే చేతులు ఎవరివి? పదేండ్ల, పన్నెండేండ్ల ఆడపిల్లవి. ఆమె పని లెక్కలో ఎక్కడా రాయరు.

ఎవరి పట్టుదల?

ఇక్కడ పుస్తకాల మీద నాకున్న అనుమానం కూడా చెప్పాలి. పట్టుదల కథల్లో గెలిచేది ఎక్కువగా తమ్ముడు. అక్క తను తినకుండా తమ్మునికి పెడుతుంది, తను చదువు మానేసి తమ్ముణ్ని చదివిస్తుంది. చివరి బొమ్మలో వాని మెడలో దండ ఉంటుంది, అక్క పక్కన నిలబడి కండ్లు తుడుచుకుంటుంది. అలాంటి పుస్తకం నేను చదివి వినిపించను. సాయం ఒక దిక్కే నడిస్తే దాన్ని సహకారం అనడానికి నా నోరు రాదు.

పోయిన ఏడు మా దగ్గరికి వచ్చే ఒక పిల్ల ఎనిమిదో తరగతిలో ఉంది. ఇంట్లో నాలుగో బిడ్డ పుట్టాడు. దీపావళి సెలవుల తర్వాత ఆ పిల్ల శాళకు పోలేదు. ఇంటికి పోయి అడిగితే వాళ్లమ్మ కోపం చేయలేదు, లెక్క చెప్పింది. “చిన్నోణ్ని చూస్కుంట చుడితే ఆరు వందలు గూడ కావక్కా. బిడ్డ ఇంట్ల ఉంటే వెయ్యి ఐతయి. ఆ నాలుగు వందల బీడీల పైసలు ఎవరిస్తరు?” దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ పుస్తకం దగ్గరా లేదు.

ఆ నెలలో మేము రెండు పుస్తకాలు చదివాం. ఒకటి సుజాతా పద్మనాభన్ రాసిన “చుస్కిత్ గోస్ టు స్కూల్”. లడఖ్‌లో చుస్కిత్ అనే పిల్ల నడవలేదు, చక్రాల కుర్చీ ఉంది. కాని బడి దారిలో రాళ్లు, వాగు. అబ్దుల్ అనే పిల్లవాడు పోయి హెడ్‌మాస్టరును అడుగుతాడు. పిల్లలూ పంతుళ్లూ కలిసి దారి చదును చేస్తారు, వాగు దాటే ఏర్పాటు చేస్తారు. రెండోది మహాశ్వేతాదేవి రాసిన “ది వై వై గర్ల్”. కన్యికా కిణి బొమ్మలు వేశారు. శబర తెగ పిల్ల మొయినా వాళ్ల నాన్న పని వెతుక్కుంటూ జంషెడ్‌పూర్ పోయాడు. ఆమె దొర మేకలు కాస్తుంది, కనబడినదానికల్లా ఎందుకు, ఎందుకు అని అడుగుతుంది. బడి పెట్టే వేళకు తను మేకల వెంట ఉంటుంది గనుక, బడి వేళ మార్చరాదా అని కూడా అడుగుతుంది. ఊరి బడిలో చేరిన మొదటి ఆడపిల్ల ఆమే. పెద్దయ్యాక తనే పిల్లలకు చదువు చెబుతుంది.

చదివాక బోర్డు మీద గీత గీసి, ఒక దిక్కు అక్కలు చేసే పనులు, ఒక దిక్కు అన్నలు, తమ్ముళ్లు చేసే పనులు పిల్లలతోనే రాయించాను. ఒక దిక్కు బోర్డు నిండింది. రెండో దిక్కు మూడు ముక్కలు: పాలు తేవడం, కార్ఖానాకు నాయిన డబ్బా ఇచ్చి రావడం, కరెంటు బిల్లు కట్టడం. ఆ పిల్ల తమ్ముడూ అక్కడే ఉన్నాడు, పదకొండేండ్లవాడు. వాని శాళ మధ్యాహ్నం పాళీ, అక్కది పొద్దుటి పాళీ. పొద్దున నాలుగు గంటలు వాడు ఖాళీ. ఆ ఇంట్లో ఈ లెక్క ఎవరూ చూడలేదు, ఎందుకంటే వాడు మగపిల్లవాడు.

మళ్లీ పోయి వాళ్లమ్మతో మాట్లాడాను. ఈసారి ఆ పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడాను. నాయనమ్మ ఒప్పుకోలేదు. “మగపోరడు పిల్లల్ని ఎత్తుకుంటడా?” అన్నది. తల్లి మాత్రం కొంచెంసేపు చుడుతూనే ఆలోచించి, “ఒక నెల చూద్దాం” అన్నది. ఆ పిల్ల మళ్లీ శాళకు పోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో రోజుకు ఎనిమిది వందల యాభై బీడీలు అవుతున్నాయి, వెయ్యి కావు. ఆ తేడా ఇల్లే భరిస్తోంది. తమ్ముడు క్రికెట్టుకు ఉరికిన రోజు అక్క శాళ పోతుంది. అట్లా పోయిన రోజులు తక్కువేం కావు. అయినా ఆ పిల్ల పేరు ఇప్పటికీ హాజరీ పట్టీలో ఉంది.

ఇది పుస్తకం చేసిందని నేను అనను. చేసింది తల్లి, తమ్ముడు. కాని ఎదురుగా కూర్చొని “నువ్వు ఎందుకు చేయవు?” అని అడిగితే వచ్చే కొట్లాట, పుస్తకంలోని అబ్దుల్ నడిమిట్ల ఉంటే రాలేదు. పట్టుదల అంటే ఓర్చుకోవడం ఒక్కటే కాదు, మొయినా లెక్క అడగడం కూడా.

ఇంట్లో ఎట్లా చదవాలి

పుస్తకం కొనడానికి పెద్ద ఖర్చు లేదు. నేషనల్ బుక్ ట్రస్టు 1957 నుంచి ఉంది. వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో తెలుగు, మరాఠీ రెండింటిలోనూ చవక పుస్తకాలు వస్తాయి. పుస్తక ప్రదర్శన పెట్టినప్పుడు పిల్లలను తీసుకొని పోండి. తూలిక వాళ్లు ఒకే పుస్తకంలో ఇంగ్లీషూ మన భాషా పక్కపక్కన వేస్తారు. హైదరాబాదులో చుట్టాలుంటే “మంచి పుస్తకం” వాళ్ల తెలుగు పుస్తకాలు తెమ్మనండి. కొనలేనివాళ్లకు ఫోన్ ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో 300కు పైగా భాషల్లో బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. ఒకే కథను తెలుగులోనూ మరాఠీలోనూ తెరిచి చూడొచ్చు.

చదివేటప్పుడు నాలుగు సంగతులు గుర్తు పెట్టుకుంటే చాలు. మొదటిది, చదివే పని ఎప్పుడూ అక్కకే పెట్టకండి. ఒక రోజు అక్క, ఒక రోజు అన్న, ఆదివారం నాయిన. చదువు రాని అమ్మ బీడీలు చుడుతూనే బొమ్మ చూసి కథ చెప్పొచ్చు, ఆమె చెప్పేదే బాగుంటుంది. రెండోది, అయిపోగానే “దీంట్ల నీతి ఏంది?” అని అడగకండి. “నీకు ఎవరు నచ్చిండ్రు? ఎవరి మీద కోపమొచ్చింది?” అని అడగండి. మూడోది, అదే పుస్తకం పదిసార్లు చదవమంటే చదవండి. చిన్నవాళ్లు అక్షరం పట్టుకునేది అట్లనే. నాలుగోది, పుస్తకాన్ని బీరువాలో దాచకండి. పేజీ చినిగితే అతికిద్దాం.

ఇంకొక్క మాట. పిల్లలు వినే కథలో వాళ్ల ఇల్లు లేకపోతే, వాళ్లతోనే ఒక పుస్తకం చేయించండి. పాత వహీలో మిగిలిన కాగితాలు మధ్యలో మడిచి, నేత దారంతో కుట్టండి. ఎడమ పేజీలో తమ్ముడు బొమ్మ వేస్తాడు, కుడి పేజీలో అక్క తెలుగులో ఒక వాక్యం రాస్తుంది. రాయరాకపోతే మరాఠీ అక్షరాల్లోనే తెలుగు మాట రాయమనండి, తర్వాత మార్చుకోవచ్చు. మా వాచనాలయంలో ఇట్లాంటివి పదిహేడు ఉన్నాయి. అన్నింటికన్నా ఎక్కువ చేతులు మారి అంచులు నలిగింది ఒకటే: ఇద్దరు అన్నదమ్ములు కలిసి నాయిన సాంచా మీద రాసింది. దాంట్లో సాంచా చప్పుడుకే నాలుగు పేజీలు ఇచ్చారు.

పౌర్ణమి నాడు రథం చూసి ఇంటికొచ్చాక, కాళ్లు కడుక్కొని, మిఠాయి తిని, పిల్లలందరినీ ఒక్క దగ్గర కూర్చోబెట్టండి. ఇరవై నిమిషాలు చాలు. ఆ ఇరవై నిమిషాలు చంటివాణ్ని ఒళ్లో పెట్టుకునేది మాత్రం ఈసారి అన్న కావాలి.